కూరలో పసుపులాంటి నటుడు రేలంగి

నవ్వించేవాడంటే మనలో ఎందుకో కొంచెం చిన్నచూపు వుంది. క్లాసులో నలుగురినీ నవ్వించే కుర్రాణ్ణి చూసి, వీడికి చదువెక్కదని లెక్చరరు గారు ముందే తీర్మానించుకుంటారు. (ఈ సంచిక చదివే లెక్చరర్లు మన్నించాలి.) ఇంట్లో తమాషాగా మాట్లాడే తమ్ముడికి పెళ్ళి పనుల్లో పెత్తనం ఇవ్వరు. సినిమాల సంగతీ అంతే. హీరోకి నిలువెత్తు కటౌటు, పాలాభిషేకం, పుట్టినరోజుకి రక్తదానం. మూడు గంటలసేపు హాలంతటినీ పడీపడీ నవ్వించినవాడికి పోస్టరులో ఓ మూలన తలకాయంత బొమ్మ.

మన ఆర్మూరు వాళ్ళకి ఈ సంగతి ఇంకో రకంగా చెప్పొచ్చు. వంకాయ కూర అంటాం, చిక్కుడుకాయ కూర అంటాం, కోడి కూర అంటాం. పసుపు కూర అని ఎవరూ అనరు. కానీ పసుపు వెయ్యకుండా ఏ ఇంట్లోనూ కూర దించరు. పేరు వంకాయది, రంగు పసుపుది. సినిమాలో హాస్య నటుడు, గుణచిత్ర నటుడు అనే వాళ్ళు సరిగ్గా ఇలాంటి వాళ్ళే. తెలుగు సినిమాకి పాతికేళ్ళపాటు అలా రంగు పట్టించిన మనిషి గురించే ఈ నాలుగు మాటలు. ఆయన రేలంగి వెంకట్రామయ్య.

ఈ తరం విద్యార్థులకి రేలంగి అనగానే 2013లో వచ్చిన 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు'లో ప్రకాశ్‌రాజ్ వేసిన రేలంగి మావయ్య గుర్తొస్తాడు. అది వేరు. పశ్చిమ గోదావరి జిల్లాలో రేలంగి అనే ఊరొకటి వుంది. మన వెంకట్రామయ్య గారికి రేలంగి ఇంటిపేరు. ఆ ఇంటిపేరు ఎంత ప్రసిద్ధమైపోయిందంటే అసలు పేరు చెబితే ఎవరాయన అని అడుగుతారు. ఒంటి పేరుతో జనం పిలుచుకునే నటుడవడం చిన్న విషయమేం కాదు.

ఆయన 1910 ఆగస్టు 9న తూర్పు గోదావరి జిల్లాలో పుట్టారు. తండ్రి హరికథలు చెప్పేవారు, సంగీతం నేర్పేవారు. తల్లి పసితనంలోనే పోయింది. కాకినాడలో పెరిగారు. హరిదాసు ఇంట్లో పెరిగిన పిల్లవాడికి ఏమబ్బుతుందో ఆలోచించండి. హరికథకుడు ఒక్కడే మనిషి. కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిడతలు. రాముడూ ఆయనే, రావణుడూ ఆయనే, మధ్యలో జనం కునుకు తీస్తున్నారనిపిస్తే పిట్టకథ చెప్పి నవ్వించేదీ ఆయనే. గొంతు, తాళం, ఎదుటి జనం నాడి పట్టుకోవడం ఈ మూడూ చూస్తూ ఎదిగినవాడికి బడి చదువు అంతగా అంటకపోవడంలో వింత లేదు. చదువు హైస్కూలు దాటలేదు.

కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ అని నాటక సమాజం ఒకటి వుండేది. పేరు ఇంగ్లీషు దైనా అది మన తెలుగు సినిమాకి పెద్ద పాఠశాల. ఎస్.వి.రంగారావు, అంజలీదేవి, సంగీత దర్శకుడు ఆదినారాయణరావు అందరూ ఆ గూటి పక్షులే. రేలంగి కుర్రతనంలో అక్కడ ఆడవేషాలు కూడా కట్టారు. తర్వాతి రోజుల్లో ఆ లావుపాటి శరీరాన్ని చూసినవాళ్ళు నమ్మకపోవచ్చు గాని, ఆడవేషం కట్టిన నటుడికి నడకలో, చేతి వేళ్ళ కదలికలో ఒక అదుపు వస్తుంది. ఆయన సినిమాలు ఈసారి చూసేటప్పుడు మొహం వదిలేసి చేతుల్ని మాత్రం గమనించండి. సిగ్గుపడే రాకుమారుడి వేళ్ళు ఏం చేస్తాయో చూడండి.

ఆయన్ని సినిమాలోకి తెచ్చినవారు సి.పుల్లయ్య. కాకినాడలో మూకీల కాలం నుంచే సినిమా పిచ్చి పట్టిన మనిషి ఆయన. అప్పట్లో తెలుగు టాకీ తియ్యాలంటే కలకత్తాకో, బొంబాయికో, కొల్హాపురుకో పోవాల్సిందే. మనవాళ్ళకి స్టూడియోలు లేవు. పుల్లయ్య గారు కలకత్తాలో ఈస్టిండియా ఫిలిం కంపెనీకి 1933లో 'సతీ సావిత్రి', 1934లో 'లవకుశ' తీసి తెలుగు సినిమాని నిలబెట్టారు. 1935లో ఆయన తీసిన 'శ్రీకృష్ణ తులాభారం'లో రేలంగి తొలిసారి తెర మీద కనిపించారు. చిన్న వేషం.

ఆ తర్వాత? ఇక్కడే అసలు కథ వుంది. చాలామంది దీన్ని రెండు వాక్యాల్లో దాటేస్తారు.

ఆ తర్వాత పన్నెండు పదమూడేళ్ళపాటు రేలంగి అనే నటుడు ఉన్నాడని దేశానికి తెలియదు. పాతికేళ్ళ కుర్రాడు ముప్ఫయ్యెనిమిదేళ్ళవాడయ్యాడు. ఆయన పుల్లయ్య గారి దగ్గరే వుండిపోయారు. ఏం చేస్తూ? అన్నీ. నటుల్ని వెతికిపెట్టడం, వచ్చినవాళ్ళ బాగోగులు చూడడం, ప్రొడక్షన్ పనులు, మధ్యలో ఏదైనా చిల్లర వేషం మిగిలితే అది. 1939లో కాళ్ళకూరి నారాయణరావు గారి నాటకం ఆధారంగా కలకత్తాలో 'వరవిక్రయం' తీశారు. భానుమతి అనే అమ్మాయి అందులోనే తొలిసారి నటించి నాలుగైదేళ్ళలో పెద్ద తార అయింది. 1942లో మద్రాసు జెమినీ వారి 'బాలనాగమ్మ' వచ్చింది. కాంచనమాల పేరు, మాయల మరాఠీ వేసిన గోవిందరాజుల సుబ్బారావు పేరు ఊరూరా మారుమోగింది. అందులో కొత్వాలు వేషం వేసిన రేలంగి పేరు ఎవరికీ పట్టలేదు. 1947లో 'గొల్లభామ'తో అంజలీదేవి కథానాయిక అయింది. అదీ పుల్లయ్య గారి సినిమానే. అంటే తన కళ్ళముందే, తన గురువు చేతిమీదుగానే ఒక్కొక్కరూ మెట్లెక్కి పైకి పోతుంటే, ఈయన నిచ్చెన పట్టుకుని కింద నిలబడ్డారన్నమాట.

పైగా అది యుద్ధకాలం. ముడి ఫిలిముకి కంట్రోలు, సినిమా పొడవుకి కంట్రోలు. ఏడాదికి పట్టుమని పది తెలుగు సినిమాలు కూడా రాని సంవత్సరాలున్నాయి. వేషం కోసం ఎదురుచూడడమంటే ఆ రోజుల్లో నిజంగా వానకోసం మెట్ట రైతు చూసినట్టు చూడడమే. కుటుంబం వున్నవాడు. వేరే ఉద్యోగం చూసుకోమని చెప్పేవాళ్ళకి మన దేశంలో ఎప్పుడూ కొదవ లేదు. అయినా ఆయన కదల్లేదు.

నాకనిపిస్తుంది, ఆ పదమూడేళ్ళు వృథా కాలేదని. మన పొలాల్లో పసుపు తవ్వగానే ఎవరైనా యార్డుకి తోలుతున్నారా? వుడకబెట్టాలి, కళ్ళంలో రోజుల తరబడి ఎండబెట్టాలి, కాడి వేరు గోల వేరు చెయ్యాలి, డ్రమ్ములో వేసి పాలిష్ పట్టాలి. అప్పుడు గాని నిజామాబాద్ మార్కెట్టులో దాని మొహం ఎవరూ చూడరు. రేలంగి ఆ ఏళ్ళలో చూసిందంతా మనుషుల్నే. వేషం కోసం వచ్చి దర్జా ఒలకబోసేవాళ్ళు, చేతిలో కానీ లేకపోయినా జమీందారు బంధువునని చెప్పుకునేవాళ్ళు, సెట్టు మీద పులులు, కెమెరా ముందు పిల్లులు. తర్వాత ఆయన తెరమీద ఎవర్ని చూపించి నవ్వించారో గుర్తు చేసుకుంటే ఈ సరుకంతా ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసిపోతుంది.

1948లో పుల్లయ్య గారి 'వింధ్యరాణి' ఆయనకి కాస్త పేరు తెచ్చింది. 1949 చివర కె.వి.రెడ్డి గారి 'గుణసుందరి కథ' వచ్చింది. ఈ సినిమాలో కస్తూరి శివరావు గారిది ప్రధాన పాత్ర. అప్పటికి తెలుగులో హాస్యమంటే శివరావే. ఆయన కనిపిస్తే జనం వూగిపోయేవారు. రేలంగి అందులో కాలమతి అనే అల్లుడు. రెండో మెట్టు వేషం. కానీ గాలి మారడం అక్కడే మొదలైంది. శివరావు మరుసటి ఏడాది సొంతంగా 'పరమానందయ్య శిష్యులు' నిర్మించి దర్శకత్వం కూడా వహించారు. ఆ తర్వాత ఆయన ప్రభ తగ్గిపోయింది, చివరి రోజులు లేమిలో గడిచాయి. ఇది చెప్పడం శివరావు గారిని తక్కువ చెయ్యడానికి కాదు. అలాంటి నటుడు మళ్ళీ రాలేదు. హాస్య నటుడికి సింహాసనం ఎంత తొందరగా దొరుకుతుందో అంత తొందరగా కాలికింద నుంచి జారుతుందని రేలంగి పక్కనే నిలబడి చూశారని చెప్పడానికి.

1951లో విజయా వారి 'పాతాళభైరవి'తో రేలంగి స్థిరపడిపోయారు. రాణిగారి తమ్ముడు శూరసేనుడు. పేరులో శూరత్వం, ఒంట్లో పిరికితనం. పైగా మేనకోడలైన రాకుమారిపై వలపు. అందులో పాట ఆయనే పాడుకున్నారు. నాలుగేళ్ళ తర్వాత 'మిస్సమ్మ'లోనూ అంతే, సొంత గొంతే. హరిదాసు కొడుకు కదా. ఇంకొకరి గొంతుకి పెదవులు కదిలించే అవసరం ఆయనకి ఎప్పుడూ తప్పనిసరి కాలేదు.

ఈ గొంతు సంగతిలో ఒక తమాషా వుంది. 1953లో పుల్లయ్య గారు 'పక్కింటి అమ్మాయి' తీశారు. బెంగాలీ 'పాషేర్ బాడీ'కి తెలుగు రూపం. ఇదే కథ తర్వాత 1968లో హిందీ 'పడోసన్' అయింది. అందులో కథానాయకుడు రేలంగి, నాయిక అంజలీదేవి. పక్కింటి అమ్మాయిని మెప్పించడానికి పాట రాని వాడు, పాడేవాణ్ణి చాటున పెట్టి పెదవులు కదిలిస్తాడు. పాడే స్నేహితుడిగా గాయకుడు ఏ.ఎం.రాజా వేశారు. అంటే పాట వచ్చిన రేలంగి, పాట రాని వాడిగా నటించి, పాడుతున్నట్టు నటించాలి. మూడు పొరల నటన. సినిమా ఆడింది, హీరోగా కూడా చెల్లుతాడని తేలింది.

చెల్లాక ఏం చేశారు? మళ్ళీ పక్కకి వచ్చి నిలబడ్డారు. నా దృష్టిలో ఆయన జీవితంలో ఇదే పెద్ద నిర్ణయం. నలభై మూడేళ్ళ వయసులో హీరో అని పిలిపించుకున్న నటుడు మరుసటి సంవత్సరం 'పెద్దమనుషులు'లో చింపిరి బట్టలు వేసుకుని తిక్క శంకరయ్యగా వీధుల్లో తిరిగాడు.

'పెద్దమనుషులు' గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. వాహినీ వారిది, కె.వి.రెడ్డి దర్శకత్వం, డి.వి.నరసరాజు గారు మాటలు రాసిన తొలి సినిమా. ఇబ్సెన్ నాటకం 'పిల్లర్స్ ఆఫ్ సొసైటీ' ఛాయ వుంది. ఊరి చైర్మను గారు పైకి ధర్మరాజు, లోపల వేరు. ఆయన చుట్టూ వున్న పెద్దలందరూ ఆ తానులో ముక్కలే. ఊళ్ళో ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అనరు. అనేవాడు ఒక్కడే, తిక్క శంకరయ్య. వాడు పిచ్చివాడు గనుక వాణ్ణి ఎవరూ పట్టించుకోరు, పిచ్చివాడు గనుకే వాడు నోరు విప్పగలడు. కొసరాజు గారు రాసిన పాటలు ఆ పాత్ర నోట ఊరంతా తిరిగాయి. ఆ ఏడాది తెలుగులో ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి రజత పతకం ఈ సినిమాకే వచ్చింది.

ఆ పాత్రలో రేలంగి నవ్వించడానికి ప్రయత్నించలేదు. మనకి నవ్వొస్తుంది, వచ్చాక కొంచెం సిగ్గేస్తుంది, ఎందుకంటే వాడు చెప్పే ఊరు మనదే. విద్యార్థి సంఘాల ఎన్నికల్లో పోటీ చెయ్యదలచుకున్న మిత్రులు ఎవరైనా వుంటే, నామినేషనుకి ముందు ఈ సినిమా ఒకసారి చూడమని నా మనవి.

ఇక రమణారెడ్డి గారి మాట ఎత్తకుండా రేలంగి కథ నడవదు. నెల్లూరు జిల్లావారు. శానిటరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి సినిమాల్లోకి వచ్చిన మనిషి. కర్రలాంటి శరీరం. రేలంగి బొద్దు. ఇద్దరూ పక్కపక్కన నిలబడితేనే జనం సగం నవ్వేసేవారు. పత్రికల వాళ్ళు వెంటనే హాలీవుడ్ జంట లారెల్, హార్డీలతో పోల్చారు. ఆ జంట 1927 నుంచి ప్రపంచాన్ని నవ్వించింది, మూకీలు పోయి టాకీలు వచ్చినా నిలబడింది. కానీ పోలిక శరీరాల వరకే. లారెల్, హార్డీలు ఇద్దరూ అమాయకులే, లోకం వాళ్ళని మోసం చేస్తుంది. మనవాళ్ళలో రమణారెడ్డి గడుసువాడు, వేళ్ళు తిప్పుతూ లెక్కలు కట్టేవాడు. రేలంగి తన గొప్పతనాన్ని తానే నమ్మేసినవాడు. మోసం చెయ్యడానికొకడు, మోసపోవడానికొకడు ఇంట్లోనే వున్నారు, బయటి లోకం అక్కర్లేదు. 'మిస్సమ్మ'లో మాత్రం తారుమారు. అప్పు పేరు చెప్పి మేరీ వెంట పడే డేవిడ్ రమణారెడ్డి, వాణ్ణి నిలవరించే దేవయ్య రేలంగి. బిచ్చమెత్తుకునే దేవయ్య ఆ సినిమాలో అందరికంటే బతకనేర్చినవాడు.

హాలీవుడ్ ప్రసక్తి వచ్చింది గనుక ఒక మాట. 1930లలో, 40లలో అక్కడ పెద్ద స్టూడియోలు నటుల్ని జీతాల మీద పెట్టుకునేవి. హీరోకి స్నేహితుడు, కంగారు పడే హోటలు మేనేజరు, చాదస్తపు మామయ్య, ఇలాంటి వేషాలకి కొన్ని మొహాలు ఖాయంగా వుండేవి. 1935లో, అంటే రేలంగి తొలి సినిమా వచ్చిన ఏడే, 'టాప్ హ్యాట్'లో ఎడ్వర్డ్ ఎవరెట్ హార్టన్ అనే ఆయన హీరో పక్కన తెల్లబోయే స్నేహితుడిగా చేసిన పని ఇప్పటికీ చూడదగ్గది. 1936 సినిమాల నుంచి అక్కడ సహాయ నటులకి విడిగా ఆస్కార్ పెట్టారు. వాల్టర్ బ్రెన్నన్ అయిదేళ్ళలో మూడు పట్టుకుపోయాడు. అంటే ఆ పరిశ్రమ పసుపుకి కూడా ధర కట్టింది. మన మద్రాసులో విజయా, వాహినీ స్టూడియోలు ఆ పద్ధతిలోనే నడిచాయి. అవే మొహాలు, అదే జట్టు, సినిమా తర్వాత సినిమా. దానివల్ల ఒకరి అలవాటు ఇంకొకరికి తెలిసేది. రేలంగి ఎక్కడ ఆగుతాడో సావిత్రికి తెలుసు, సావిత్రి ఎక్కడ కన్ను తిప్పుతుందో రేలంగికి తెలుసు.

ఆ ఫలితం చూడాలంటే 'మాయాబజార్' చాలు. 1957 మార్చి 27న విడుదలైంది. కె.వి.రెడ్డి గారు స్టాప్‌వాచీ పెట్టుకుని సన్నివేశాల నిడివి కొలిచే మనిషి. ఒక చూపు ఎక్కువ లేదు, ఒక మాట తక్కువ లేదు. అలాంటి చోట హాస్య నటుడికి ఇష్టమొచ్చినట్టు అల్లుకునే వీలుండదు. రేలంగి లక్ష్మణకుమారుడు. దుర్యోధనుడి ముద్దుల కొడుకు. అప్పటికి ఆయన వయసు నలభై ఆరు. తండ్రి దుర్యోధనుడిగా వేసిన ముక్కామల వయసులో ఈ కొడుకు కంటే చిన్నవాడు! సినిమా చూస్తున్నంతసేపూ ఈ సంగతి ఒక్కరికైనా తడుతుందా?

పెళ్ళిపీటల సన్నివేశం గుర్తు చేసుకోండి. అక్కడ సావిత్రి మామూలు శశిరేఖ కాదు, శశిరేఖ రూపంలో వున్న ఘటోత్కచుడు. ఆడపిల్ల ఒంట్లో రాక్షసుడున్నాడని మనం నమ్మాలి. సావిత్రి గొప్పగా చేసింది, అందరూ అంటారు, నిజమే. కానీ ఆమె కాలు తొక్కితే ఆ కాలికింద ఎంత బరువుందో మనకి తెలియజెప్పింది ఎవరు? పట్టుకున్న చెయ్యి ఉక్కులా వుందని చెప్పింది ఎవరు? రేలంగి మొహం. ఒక్క క్షణం పెళ్ళికొడుకు సిగ్గు, మరుక్షణం ప్రాణభయం, మళ్ళీ అబ్బే ఏం లేదులే అని తనకి తాను సర్దిచెప్పుకోవడం. ఆ భయం లేకపోతే ఆ రాక్షసుడు లేడు. గోడ గట్టిగా వుంటేనే బంతి ఎగిరి తిరిగొస్తుంది. పేరు బంతిది. గోడని ఎవరు చూస్తారు? ఆ సినిమా తమిళంలోనూ తీశారు, అక్కడ లక్ష్మణకుమారుడు తంగవేలు. ఆయనా దిట్టే. తెలుగువాళ్ళం గనుక మన ఓటు మనకే వేస్తాం.

'మాయాబజార్' వచ్చేనాటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అయిదు నెలలు కూడా నిండలేదు. మన ప్రాంతం అంతకు ఎనిమిదేళ్ళ ముందువరకూ నిజాం ఏలుబడి. బడిలో ఉర్దూ, ఇంట్లో మన తెలుగు. ఆ రోజుల సినిమాల్లో మన యాస వినిపించడమే అరుదు. తర్వాత వినిపించిన సినిమాల్లో దాన్ని రౌడీల నోటికీ, నవ్వులాట వేషాలకీ అంటగట్టారని మనవాళ్ళు ఎంత బాధపడ్డారో, ఎన్ని వ్యాసాలు రాశారో ఈ కాలేజీలో చదివినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. మరి గోదావరి భాష మాట్లాడే రేలంగిని చూసి మన తాతలెలా నవ్వారు? నేను చూసినంతలో జవాబు ఇది. ఈ వేషాల్లో ఆయన నవ్వించింది మాట తీరుతో కాదు, మనిషి తీరుతో. తన కొలత తనకి తెలియని మనిషి ప్రతి ఊళ్ళోనూ వుంటాడు. వాడికి యాస లేదు. ఎవరి భాషనో, ఎవరి కులాన్నో, ఎవరి అవిటితనాన్నో వెక్కిరించి నవ్వించడం తేలిక. లక్ష్మణకుమారుడితో ఆయన నవ్వించింది ఒక రాజు కొడుకుని చూపించి.

ఆ బాణీకి శిఖరం 1963 నాటి 'నర్తనశాల'. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం. ఉత్తరకుమార ప్రగల్భాలు అనే మాట మనకి సినిమాకంటే ముందే, తిక్కన గారి విరాటపర్వం చదివిన వాళ్ళనుంచి ఊరి రచ్చబండదాకా వచ్చేసింది. అంటే కథ అందరికీ తెలుసు. అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు కోతలు కోసి, కౌరవ సేనని చూడగానే రథం దిగి పారిపోతాడు. తెలిసిన కథతో నవ్వించడం తెలియని కథతో నవ్వించడంకంటే కష్టం. ఏం జరగబోతుందో ముందే తెలిసినా అది జరిగే తీరు కోసం హాలు ఎదురుచూసేలా చెయ్యాలి. ఆయనకి అప్పుడు ఏభై మూడేళ్ళు. బృహన్నల వేషంలో రామారావు గారు, పక్కన రేలంగి. ఆ సినిమాలో కీచకుడిగా ఎస్.వి.రంగారావు గారికి జకార్తా ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో బహుమతి వచ్చింది. రావలసిందే. ఉత్తరకుమారుడికి ఏ దేశం బహుమతీ రాలేదు. కానీ ఈనాటికీ గొప్పలు చెప్పేవాణ్ణి ఉత్తరకుమారుడని మనం అన్నప్పుడు కళ్ళముందు కదిలే బొమ్మ ఎవరిది?

అదే ఏడు రంగుల 'లవకుశ' వచ్చింది. తెలుగులో తొలి పూర్తి రంగుల చిత్రం. 1934లో 'లవకుశ' తీసిన సి.పుల్లయ్య గారే మళ్ళీ మొదలుపెట్టారు, ఆయన కుమారుడు సి.ఎస్.రావు పూర్తిచేశారు. అందులో రేలంగి రజకుడు, గిరిజ ఆయన భార్య. తాగి చిందులేసి నవ్వించే వేషమే. అయితే సీత అడవులపాలయ్యేది ఆ నోటి మాట వల్లే. జనం నవ్వుతూ నవ్వుతూ వుండగా ఆ మాట పడుతుంది. తన గురువు సినిమాలో, నవ్వించే వేషంలో వుండి, సినిమా మొత్తాన్ని కన్నీళ్ళవైపు తిప్పిన మలుపు ఆయనది. ఈ పాత్ర గురించి మనవాళ్ళు చాలినంత రాయలేదని నా ఫిర్యాదు.

మిగతా సినిమాల జాబితా ఇక్కడ ఇవ్వబోను. మూడు వందలు దాటాయని లెక్క. 'విప్రనారాయణ', 'దొంగరాముడు', 'రోజులు మారాయి', 'సువర్ణసుందరి', 'అప్పుచేసి పప్పుకూడు', 'జగదేకవీరుని కథ', ఎన్నని చెప్పడం? అన్నీ ఒకే ఎత్తున లేవన్నదీ నిజమే. ఏడాదికి పదీ పదిహేను వేషాలు వేసేటప్పుడు కొన్నిచోట్ల అదే నడక, అదే కన్నుగీటు. గిరిజతో పాట, సూర్యకాంతం చేత చీవాట్లు, చివర్లో క్షమాపణ. నిర్మాతలు అడిగిందీ అదే, జనం డబ్బిచ్చి చూసిందీ అదే. వేషం బాగాలేదని ఇంట్లో కూర్చునే తాహతు పదమూడేళ్ళు ఎదురుచూసినవాడికి వుండదు.

డబ్బు విషయంలో ఆయన జాగ్రత్తపరుడు. తాడేపల్లిగూడెంలో రేలంగి చిత్రమందిర్ అని సొంత సినిమాహాలు కట్టించారు. శివరావు గారి కథ పక్కన పెట్టి చూస్తే ఇది ఎంత ముందుచూపో అర్థమవుతుంది. తెరమీద తన బొమ్మ చెల్లని రోజు వచ్చినా తెర తనదే వుంటుంది.

ఆ రోజు వచ్చింది కూడా. 1960ల చివరికి పద్మనాభం, అల్లు రామలింగయ్య, రాజబాబు ముందుకొచ్చారు. హాస్యం వేగం పెరిగింది, గొంతు పెరిగింది. రేలంగికి ఆరోగ్యం సహకరించలేదు. వేషాలు తగ్గాయి. 1970లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. తెలుగు హాస్య నటుల్లో ఆ గౌరవం మొదట అందుకున్నది ఆయనే. హాస్య నటచక్రవర్తి అని జనం అంతకు ఎన్నో ఏళ్ళ ముందే పట్టం కట్టారు. ప్రభుత్వాలకి నవ్వు కాస్త ఆలస్యంగా వస్తుంది.

రమణారెడ్డి గారు చివరిదాకా ఇంద్రజాల ప్రదర్శనలిస్తూ, ఆ వచ్చిన డబ్బు మంచి పనులకిస్తూ 1974 నవంబరు 11న కన్నుమూశారు. ఏడాది తిరిగింది. 1975 నవంబరు 27న తాడేపల్లిగూడెంలో రేలంగి వెళ్ళిపోయారు.

2010లో 'మాయాబజార్'కి రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు. 1957లో ఆ సినిమా నలుపు తెలుపుల్లో చూసినవాళ్ళ మనవలు ఈసారి హాల్లో కూర్చున్నారు. పెళ్ళిపీటల దగ్గర మాయాశశిరేఖ కాలు తొక్కింది. తాతలు ఏ చోట నవ్వారో మనవలూ ఆ చోటే నవ్వారు, అందులో సగం మందికి ఆ పెళ్ళికొడుకు పేరు తెలియకపోయినా.